సోషియాలజీ విభాగం పరిశోధన నివేదిక తయారు చేయడం ఎలా?

ఒక ఎక్సెల్ ఫైలు, ఒక డ్రైవ్ ఫోల్డరు, కనీసం మూడు వారాల గడువు చాలు. వర్డ్‌లో మాత్రం మొదలుపెట్టొద్దు. అందులో ఒకే వ్యాసం రెండుసార్లు దూరినా కంటికి ఆనదు.

1. షీట్లు. వ్యాసాలు, పుస్తకాలు–అధ్యాయాలు, ప్రాజెక్టులు, పీహెచ్‌డీలు, పురస్కారాలకు తలా ఒకటి. మీరు నింపే ఫారం విద్యా సంవత్సరం అడుగుతోందా, క్యాలెండర్ సంవత్సరం అడుగుతోందా అన్నది ముందే చూసుకోండి.

2. సేకరణ. అధ్యాపకులను టైపు చేసిన జాబితా అడగొద్దు, కాగితాలే అడగండి. వ్యాసానికి మొదటి పేజీ, ఆ సంచిక విషయసూచిక. పీహెచ్‌డీకి అవార్డు నోటిఫికేషన్ (వైవా తేదీ లెక్కలోకి రాదు), శోధ్‌గంగ (దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లను ఉంచే ఆన్‌లైన్ భాండాగారం) లింకు. ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధనా మండలి) ప్రాజెక్టుకు మంజూరైన మొత్తం ఒక గడిలో, ఆ ఏడాది విడుదలైన వాయిదా మరో గడిలో ఉండాలి.

3. వ్యాసాల సరిచూపు. నివేదికలు చెడేది ఇక్కడే. మూడు వారాల్లో రెండు దీనికే పెట్టండి.

ముందు ఐఎస్‌ఎస్‌ఎన్, అంటే ఒక్కో పత్రికకు ఇచ్చే ఎనిమిది స్థానాల గుర్తింపు సంఖ్య. ‘సోషియలాజికల్ బులెటిన్’ పత్రిక అచ్చు రూపానిది 0038-0229. మొదటి ఏడు అంకెలను వరుసగా 8, 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడితే 68. దాన్ని 11తో భాగిస్తే శేషం 2. 11 లోంచి 2 తీసేస్తే 9, అదే చివరి అంకె. ఇలా కుదరకపోతే ఎక్కడో టైపింగ్ తప్పు ఉన్నట్టే. (చివరి విలువ 10 వస్తే ఎక్స్ వేస్తారు, 11 వస్తే సున్నా.) ఎక్సెల్‌లో ఈ గడిని టెక్స్ట్‌గా పెట్టకుండా, మధ్య గీత లేకుండా కొడితే మొదటి సున్నాలు ఎగిరిపోతాయి.

అంకె కుదిరినంత మాత్రాన పత్రిక అసలుదని కాదు. నకిలీ సైట్లు పేరున్న పత్రికల ఐఎస్‌ఎస్‌ఎన్‌నే వాడుకుంటాయి. అందుకే ఐఎస్‌ఎస్‌ఎన్ పోర్టల్‌లో పేరు, ప్రచురణకర్త చూసి, అక్కడి నుంచే పత్రిక సైటుకు వెళ్లి సంచిక తెరవండి. వ్యాసకర్త పంపిన లింకు మీద ఆధారపడొద్దు. యూజీసీ తాను ఆమోదించిన పత్రికల జాబితాను (కేర్ జాబితా) 2025లో ఆపేసింది. అంతకుముందు వ్యాసాలకు అప్పట్లో ఆ పత్రిక జాబితాలో ఉన్నట్టు రుజువు కావాలి. కొత్తవాటికి ఈ పరిశీలనే దిక్కు.

తర్వాత సంవత్సరం. డిసెంబరులో ఆన్‌లైన్‌లో వచ్చిన వ్యాసం మార్చి సంచికలో అచ్చవుతుంది. రెండేళ్లలోనూ చూపితే అది దొంగలెక్క. సంచిక తేదీనే పట్టుకోండి, ఏటా అదే పాటించండి.

ఆపై పేర్లు. ఇద్దరు అధ్యాపకులు కలిసి రాసిన వ్యాసం విభాగానికి ఒక్కటే, రెండు కాదు. డీఓఐ (ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు సంఖ్య) వరుసలో డూప్లికేట్లు వెతికితే ఇవి బయటపడతాయి. గూగుల్ స్కాలర్ అంకెలు ఎత్తి పెట్టేవాళ్లున్నారు, అది పనికిరాదు. మన ఇంటిపేరు ముందొక చోట పొడి అక్షరంగా, వెనకొక చోట పూర్తిగా పడి ఒకే మనిషి ముగ్గురవుతారు, లేదా ముగ్గురు శ్రీనివాస్‌లు ఒక్కరవుతారు. ప్రతి ఒక్కరి చేతా 16 స్థానాల ఆర్కిడ్ ఐడీ (పరిశోధకుడికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీయించండి.

తెలుగు వ్యాసాలను స్కోపస్‌లో (అంతర్జాతీయ పరిశోధనా వ్యాసాల సూచిక) లేవని తీసేయొద్దు. వేరే పట్టికలో పెట్టండి. చేనేత కార్మికుల మీద రాసింది చేనేత కార్మికులు చదవగలిగితే అది విభాగం చెప్పుకోవాల్సిన విషయమే.

4. రాయడం. ఒక్కో పరిశోధనకు మూడు వాక్యాలు: ఎక్కడ, ఎంతమందితో, ఏ పద్ధతిలో, ఏం తేలింది. ‘గ్రామీణ మహిళల స్థితిగతులపై విస్తృత అధ్యయనం’ అంటే ఏమీ చెప్పనట్టే. ‘ఫలానా మండలంలో ఇన్ని ఇళ్లు, ఇన్ని ఇంటర్వ్యూలు, ఇదీ తేలింది’ అని రాయండి. థీసిస్‌లో ఊరికి మారుపేరు పెట్టి ఉంటే మాత్రం మండలం కూడా రాయొద్దు, జిల్లాతో ఆపండి. ఫీల్డ్‌వర్క్ ఫొటోల్లో పంచాయతీ బోర్డు, బడి పేరు, మాట్లాడినవాళ్ల ముఖాలు కనపడకూడదు. ఇంటర్వ్యూ ఇచ్చినప్పుడు వాళ్లకిచ్చిన మాట విభాగం నివేదికకూ వర్తిస్తుంది.