మంద ఈనే ముందు పొదుగు తడిమి చూడండి

ఈనే రోజులు దగ్గరపడితే గొర్రెలు, మేకలు తోలుకు తిరిగే సంచార కాపరికి కంటి మీద కునుకు ఉండదు. ఒకటి మకాంలో ఈనుతుంది, ఇంకొకటి దారిలోనే ఈనుతుంది. ఆ హడావుడిలో పొదుగువాపు కంటపడేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే ఈతకు ముందే ప్రతి తల్లినీ పట్టుకుని పొదుగు రెండు వైపులా తడమండి. లోపల గడ్డ తగిలినా, ఒక వైపు ఎండిపోయినట్టున్నా ఆ జీవానికి గుర్తు పెట్టండి. దాని పిల్లకు పాలు చాలకపోవచ్చు. అలాంటిదాన్ని మళ్లీ ఈతకు ఉంచకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఈనాక మొదటి కొన్ని వారాలు పిల్లల్ని గమనించండి. డొక్కలు లోపలికి పోయి, అరుస్తూ వేరే తల్లుల కిందికి దూరుతుంటే దాని తల్లి పొదుగు చూడాలి. తల్లి వెనక కాలు ఎడంగా వేస్తూ మందకు వెనకబడితే ముల్లు దిగిందేమోనని గిట్ట ఒక్కటే చూస్తాం. పొదుగు కూడా చూడండి. వేడిగా, గట్టిగా ఉందా? పాలు నీళ్లలా, గడ్డలుగా, రక్తంతో వస్తున్నాయా? ఆ పాలు నేల మీద పిండొద్దు. మిగతావి అక్కడే పడుకుంటాయి.

పొదుగు చల్లబడి నీలంగా, నల్లగా మారితే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు. లోపలి కండ కుళ్లుతున్నట్టే, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. మకాం మారినప్పుడల్లా దగ్గర్లోని పశువైద్యుడి నంబరు ముందే రాసిపెట్టుకోండి.

జబ్బు తల్లి పాలు తాగిన పిల్లను జాలిపడి మరో తల్లికి వదులుతాం. దాని నోటితోనే క్రిములు అక్కడికి చేరతాయి, కాబట్టి సీసాతో పట్టండి. మూతిపుండ్లున్న పిల్లలు చన్నులకు పుండ్లు చేస్తాయి, ఆ పుండ్ల నుంచీ పొదుగువాపు మొదలవుతుంది. ఆ పుండ్లు మనుషులకూ అంటుతాయి, ఉత్త చేతులతో ముట్టొద్దు.

పాలు పితికేటప్పుడు ఆరోగ్యంగా ఉన్నవి ముందు, జబ్బువి చివర. మధ్యలో చేతులు సబ్బుతో కడుక్కోండి. పితికాక చన్ను రంధ్రం కాసేపు తెరుచుకునే ఉంటుంది, వెంటనే బురదలో పడుకోనివ్వొద్దు.

సూదిమందు డాక్టర్ చెప్పినన్ని రోజులూ వేయించాలి. వాపు తగ్గిందని మధ్యలో ఆపితే మళ్లీ తిరగబెడుతుంది. మందు వాడినన్నాళ్లూ, ఆ తర్వాత డాక్టర్ చెప్పిన గడువు దాటేదాకా ఆ పాలు ఎవరూ తాగకూడదు. మిగతా పాలు కూడా కాచే తాగండి.

పిల్లల్ని పాలు మాన్పించే ముందు రెండు మూడు రోజులు తల్లులకు పచ్చిమేత, దాణా తగ్గించండి, నీళ్లు మాత్రం తగ్గించొద్దు. మాన్పించాక వారం పాటు మంద కదిలే ముందు రోజూ పొదుగులు చూడండి.