టెక్సాస్‌లో పాత కారు కొంటున్నారా? డబ్బు ఇచ్చే ముందు చూడవలసినవి

డల్లస్, హ్యూస్టన్ చుట్టుపక్కల చదువుకో ఉద్యోగానికో వచ్చినవారికి కారు లేకపోతే కూరగాయలు తెచ్చుకోవడం కూడా కష్టమే. ఆ తొందరలో చాలామంది వచ్చిన కొద్దివారాలకే చేతిలో ఉన్న నాలుగైదు వేల డాలర్లు పెట్టి పదేళ్లు దాటిన కారు కొనేస్తున్నారు. పాత కారు కొనడం తప్పేమీ కాదు. బాగా చూసుకున్నది పదిహేనేళ్ల తర్వాత కూడా నమ్మకంగా నడుస్తుంది. కానీ ‘టయోటా కదా, హోండా కదా, కళ్లు మూసుకుని కొనవచ్చు’ అనే సలహాను మాత్రం పట్టించుకోకండి. కంపెనీ పేరు కన్నా ఆ ఒక్క కారును ఇన్నాళ్లూ ఎవరు ఎలా చూసుకున్నారన్నదే ముఖ్యం.

మన ఊళ్లలో లక్ష కిలోమీటర్లు దాటిన కారంటేనే వెనకాడతాం. ఇక్కడ మీ బడ్జెట్‌లో దొరికేవి చాలావరకు 1,20,000 మైళ్లు, అంటే దాదాపు 1,93,000 కిలోమీటర్లు తిరిగినవే. ఆ అంకె చూసి బెదరకండి. వేళకు ఆయిల్ మార్చిన రశీదులున్న 1,40,000 మైళ్ల కారు ఒకవైపు, ఒక్క కాగితమూ లేని 80,000 మైళ్ల కారు మరోవైపు ఉంటే నేను మొదటిదానికే ఓటు వేస్తాను.

పేరున్న కంపెనీల కార్లలోనూ కొన్ని సంవత్సరాల మోడళ్లకు తెలిసిన జబ్బులున్నాయి. 2007–2009 నాలుగు సిలిండర్ల క్యామ్రీలలో ఇంజన్ ఆయిల్ తాగేయడం అలాంటిదే. 2013–2016 నిస్సాన్ ఆల్టిమాలో సీవీటీ (మెట్లు మెట్లుగా మారే గేర్లు లేని ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఇబ్బందుల వల్ల కంపెనీయే వారంటీ పొడిగించింది. ఆ గడువు కూడా ఇప్పుడు తీరిపోయింది. 2012–2016 ఫోర్డ్ ఫోకస్‌లో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెద్ద తలనొప్పి. హోండా వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజన్లలో టైమింగ్ బెల్టును సుమారు లక్ష మైళ్లకో ఏడేళ్లకో మార్చాలి. అది తెగితే ఇంజనే పాడవుతుంది, కాబట్టి మార్చిన రశీదు అడగండి. 2011–2021 మధ్య వచ్చిన కొన్ని హ్యుందాయ్, కియా మోడళ్లలో దొంగతనాన్ని ఆపే ఇమ్మొబిలైజర్ లేదు. వాటికి బేరమాడే ముందే ఇన్సూరెన్స్ ఎంతవుతుందో కనుక్కోండి.

ఇక కారు దగ్గరకు వెళ్దాం. ‘మేము వచ్చేదాకా స్టార్ట్ చేయకండి’ అని అమ్మేవారికి ముందే చెప్పండి. చల్లని ఇంజన్ దాచలేని విషయాలను వేడెక్కిన ఇంజన్ దాచేస్తుంది. పొద్దున్నే వెళ్లండి, ఇక్కడి ఎండకు మధ్యాహ్నం బానెట్ ఎలాగూ కాలిపోతుంటుంది, ముట్టుకున్నా ఏమీ తెలియదు. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపాలన్నీ ఒకసారి వెలిగి, ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగని దీపాన్నే అనుమానించాలి. తర్వాత ఒకరు లోపల కూర్చుని ఉండగా మరొకరు వెనక నిలబడి పొగ చూడండి. నీలం రంగు పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్లు. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లటి పొగ తియ్యటి వాసనతో వస్తూనే ఉంటే కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, లోపలికి పోతున్నట్లు. ఏసీని పావుగంట సేపు ఆన్‌లోనే ఉంచండి. ఆగస్టులో ఏసీ లేని కారులో ఇక్కడ తిరగలేరు.

కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లను చదివే ఓబీడీ రీడర్ ఇరవై ముప్పై డాలర్లకు దొరుకుతుంది, ఒకటి కొనుక్కోండి. 1996 నుంచి ఇక్కడ అమ్మిన ప్రతి కారులో స్టీరింగ్ కింద దాన్ని తగిలించే చోటు ఉంటుంది. చెక్ ఇంజన్ దీపం వెలగడం లేదు, కానీ రీడర్‌లో కారు తనంతట తాను చేసుకునే పరీక్షలు చాలావరకు ‘ఇంకా పూర్తికాలేదు’ అని కనిపిస్తే, బహుశా కోడ్‌లను ఈమధ్యే చెరిపేశారు. బ్యాటరీ మార్చినా అలాగే చూపిస్తుంది. ఏది నిజమో అడిగి, కొన్ని రోజులు నడిపాక మళ్లీ చూస్తామనండి.

హ్యూస్టన్ ప్రాంతంలో వరదనీటిలో మునిగిన కార్ల భయం నిజమైనదే. 2017లో హార్వీ తుపానుకు లెక్కలేనన్ని కార్లు మునిగాయి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. సాధారణంగా కనిపించని ఆ చివరి భాగంలో బురద మరక ఉంటే ఇక మాట్లాడనక్కరలేదు. డిక్కీలో స్పేర్ టైరు కింద తుప్పు, ఒండ్రు ఉన్నాయేమో చూడండి. వరద సంగతి అటుంచి, టైర్ల వయసూ చూడండి. టైరు పక్కన డీఓటీ (DOT) అని మొదలయ్యే వరుస చివర ఉండే నాలుగు అంకెలు దాని వయసు చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం.

2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో సొంత కార్లకు ఏటా జరిగే భద్రతా తనిఖీ రద్దయింది. పెద్ద నగరాల కౌంటీలలో పొగ పరీక్ష మాత్రం ఉంది. అంటే బ్రేకులు, స్టీరింగ్ బాగున్నాయని ప్రభుత్వం తరఫున చూసేవారు లేరు. అందుకే అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్‌కు వంద, రెండు వందల డాలర్లు ఇచ్చి కారును లిఫ్టు మీద ఎత్తించి చూపించండి. ఈ ఖర్చులో పిసినారితనం వద్దు. చూపించడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే, వారు మనకు ఎంత తెలిసినవారైనా సరే, ఆ కారు వదిలేయండి.

కాగితాల విషయానికి వస్తే, డ్యాష్‌బోర్డు మీద, డ్రైవరు తలుపు దగ్గర, టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద ఉన్న విన్, అంటే ఆ కారుకు మాత్రమే ఉండే 17 అక్షరాలు, అంకెల గుర్తింపు నంబరు, మూడు చోట్లా ఒకేలా ఉండాలి. ఆ నంబరుతో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) సైటులో రీకాల్స్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచిన వివరాలు, ఎన్‌ఐసీబీ (ఇన్సూరెన్స్ మోసాలపై పనిచేసే సంస్థ) సైటులో దొంగతనం, సాల్వేజ్ (బాగుచేయడం దండగని ఇన్సూరెన్స్ కంపెనీ తేల్చిన కారు) వివరాలు ఉచితంగా చూడవచ్చు. టైటిల్ మీద ఉన్న పేరు, అమ్మే మనిషి గుర్తింపు కార్డు మీది పేరు కలవకపోతే డబ్బు ఇవ్వకండి. డీలరు కారు కిటికీ అద్దానికి అంటించిన కాగితంలో ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్టుగా) అని ఉంటే, బయటికి వచ్చాక ఏం పాడైనా మీదే బాధ్యత. మూడు రోజుల్లో తిరిగి ఇచ్చేయవచ్చన్న ప్రచారం నమ్మకండి. ఇక్కడ కార్లకు అలాంటి చట్టం లేదు.

కుదిరితే అమ్మేవారితో కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లి అక్కడే పేరు మార్పించుకోండి. దానికి 30 రోజుల గడువుంది. అమ్మకపు పన్ను 6.25 శాతం. వ్యక్తుల దగ్గర కొన్నప్పుడు, మీరు ఇచ్చిన ధర ప్రభుత్వం అంచనా వేసిన విలువలో 80 శాతం కన్నా తక్కువైతే, ఆ 80 శాతం మీదే పన్ను కట్టించుకుంటారు. ఆ డబ్బును, మొదటి నెలల మరమ్మతులకు కనీసం ఏడెనిమిది వందల డాలర్లను కారు ధరలో కలపకుండా పక్కన పెట్టుకుని బేరానికి వెళ్లండి.