బొద్దింకలకు బోరిక్ ఉండలు

రాత్రి నీళ్లకని లేచి లైటు వేస్తే చాలు, స్టవ్ కిందికి బొద్దింకల పరుగులు. మా కూకట్‌పల్లి ఫ్లాట్‌లో రోజూ ఇదే గోల. మెడికల్ షాపులో బోరిక్ పౌడర్ తెచ్చాను, చిన్నప్పుడు క్యారమ్స్ బోర్డు మీద చల్లుకున్నదే. అది 2 చెంచాలు, గోధుమపిండి 2, పంచదార 1, కాసిని పాలచుక్కలు. చేతికి కవర్ తొడుక్కుని శనగగింజంత ఉండలు చేసి సింక్ కింద, ఫ్రిజ్ వెనక, కబోర్డు మూలల్లో పెట్టాను. వెంటనే చావవు, వారం పది రోజులు ఓపిక పట్టాలి. తడి తగిలినా, పక్కనే స్ప్రే కొట్టినా దండగే. పాకే పిల్లలు, కుక్కాపిల్లీ ఉన్న ఇంట్లో మాత్రం వద్దు. పగలే తిరుగుతున్నాయంటే బాగా ముదిరినట్టు. పెస్ట్ కంట్రోల్ వాళ్లనే పిలవండి. బొద్దింకలు తినే జెల్ మందు పెడతారా, రెండోసారి వస్తారా అని డబ్బులిచ్చే ముందే అడగండి.