నేల నీళ్లు తాగని చోట వ్యాపారం: మురుగు సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

సెప్టిక్ ట్యాంకు నిండగానే చాలామంది బండిని పిలిపించి ఖాళీ చేయిస్తారు. మళ్లీ నిండితే ఇంకా పెద్ద ట్యాంకు కట్టించాలని చూస్తారు. నేల నీళ్లు తాగనప్పుడు ఈ రెండూ డబ్బు దండగే. ట్యాంకులోకి రోజుకు 1000 లీటర్లు వెళ్తే 1000 లీటర్లూ బయటికి రావాల్సిందే. ట్యాంకు ఎంత పెద్దదైనా ఈ లెక్క మారదు. మడ్డిని అడుక్కి దింపడం, జిడ్డు తెట్టును పైన ఆపడం, అంతవరకే ట్యాంకు పని. అక్కణ్నుంచి వచ్చే నీటిని తీసుకుని, వడకట్టి, అందులోని క్రిములను చంపేది నేల. అది ఎందుకు పనిచేయడం లేదో తేలాకే డబ్బు బయటికి తీయాలి.

ఇంటి పద్ధతిని వ్యాపారానికి అలాగే తెచ్చి పెట్టడం కూడా తరచూ కనిపించే పొరపాటే. ఇంట్లో రోజూ దాదాపు ఒకే మోతాదు నీరు వస్తుంది. వ్యాపారంలో ఒకరోజు వచ్చే నీటికీ మరో రోజు నీటికీ పొంతన ఉండదు. పైగా వంటశాల, సెలూన్, లాండ్రీ, ఆఫీసు... ఒక్కోదాని మురుగు ఒక్కో రకం.

ముందు మూత తీసి చూడండి

జాగ్రత్త మొదట చెప్పాలి. ట్యాంకులోకి ఎవరూ దిగకూడదు, ఎవరినీ దించకూడదు, తల కూడా లోపలికి వంచకూడదు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. ఆ తర్వాత మనిషి తేరుకునే వ్యవధి ఉండదు. దిగినవాళ్లను కాపాడబోయి పైనున్నవాళ్లు కూడా చనిపోవడం ఇలాగే జరుగుతుంది. చూడాల్సిందంతా బయటి నుంచే, టార్చిలైటు వేసి చూడండి.

బయటికి వెళ్లే పైపు దగ్గర నీటిమట్టం ఎక్కడుందో గమనించండి. సరిగ్గా పైపు అడుగు అంచు దగ్గర ఉంటే ట్యాంకు, నేల రెండూ బాగున్నట్టే. అయినా టాయిలెట్లు పొంగుతుంటే ట్యాంకుకు వచ్చే లైనులోనో, లోపలికి వచ్చే టీ (T ఆకారపు) పైపులోనో ఏదో అడ్డుపడి ఉంటుంది. అది ప్లంబరు పని, నేలతో సంబంధం లేదు. మట్టం పైపు కన్నా కిందుంటే ట్యాంకు కారుతోంది. పైపు మునిగి ఉంటే బయటికి వెళ్లే దారి మూసుకుపోయింది, లేదా నేల నిండిపోయింది.

ఈ రెండింట్లో ఏదో తేల్చుకోవాలంటే ట్యాంకు ఖాళీ చేయించే రోజు దగ్గరుండి చూడండి. బండి నీళ్లు లాగుతుండగా బయటికి వెళ్లాల్సిన పైపులోంచి నీరు వెనక్కి ట్యాంకులోకి పారుతోందంటే, ఇంకుడు గుంత గొంతుదాకా నిండి ఉందని అర్థం. వెనక్కి రాకపోతే ముందు ఆ పైపును, దాని దగ్గర ఫిల్టర్ ఉంటే దాన్నీ శుభ్రం చేయించండి. చాలా కేసులు అక్కడితోనే తేలిపోతాయి.

లక్షణం: ఖాళీ చేయించిన కొద్ది రోజులకే మళ్లీ నిండుతోంది, ఏ కాలమైనా ఇంతే

కారణం ఎక్కువగా బంకమన్ను. చేత్తోనే కొంత తెలుసుకోవచ్చు. గుంత అడుగు లోతులోని మట్టిని గుప్పెడు తీసి, తడిపి, ముద్ద చేయండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బనులా బయటికి తోయండి. ఇసుక మట్టి అయితే రిబ్బను రాదు. గరప నేల అయితే రెండు మూడు సెంటీమీటర్లు వచ్చి విరిగిపోతుంది. 5 సెంటీమీటర్లు దాటినా తెగకుండా వేలాడుతుంటే అది నీళ్లు తాగే నేల కాదు.

అసలు లెక్క ఇంకుడు పరీక్షతో తెలుస్తుంది. నీరు ఇంకించాలనుకున్న లోతుదాకా చిన్న గొయ్యి తీసి, గోడలను గీరి నునుపు పోగొట్టి, అడుగున 5 సెంటీమీటర్ల కంకర వేయండి. నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వండి. మర్నాడు కంకర పైన 15 సెంటీమీటర్లు నిలిచేలా నీళ్లు పోసి, అరగంటకోసారి మట్టం ఎంత దిగిందో కొలవండి. దిగుడు నిలకడగా వస్తున్నప్పుడు ఆ అంకెను తీసుకోవాలి. ఉదాహరణకు 30 నిమిషాల్లో 10 మిల్లీమీటర్లు దిగిందంటే 25 మిల్లీమీటర్లకు 75 నిమిషాలు పట్టినట్టు. సాధారణంగా 60 నిమిషాలు దాటితే మామూలు ఇంకుడు గుంత పనికిరాదని లెక్క. రాత్రి నానబెట్టడం మాత్రం మానకండి. నల్లరేగడి ఎండినప్పుడు నెర్రెలిచ్చి ఉంటుంది. పోసిన నీరు ఆ నెర్రెల్లోకి పోయి, నేల బ్రహ్మాండంగా తాగుతున్నట్టు కనిపిస్తుంది. తడిసి ఉబ్బాక నెర్రెలు మూసుకుంటే అసలు రంగు బయటపడుతుంది.

పరిష్కారం ఒక్కటే ఉండదు. స్థలం ఉంటే లోతైన గుంత బదులు తక్కువ లోతులో పొడవాటి కందకాలు తీయించండి. గట్టి బంకమన్ను చదరపు మీటరుకు రోజుకు సుమారు 8 లీటర్లకు మించి దీర్ఘకాలం తీసుకోలేదు. అంటే 1000 లీటర్లకు 125 చదరపు మీటర్ల కందకం అడుగు కావాలి. కందకాల మధ్య వదిలే ఖాళీ దీనికి అదనం. పైమట్టిలో వేర్లు, వానపాముల దారులు ఉంటాయి కాబట్టి లోతుకన్నా పైపొరలే ఎక్కువ నీళ్లు తాగుతాయి. నేల తడిగా ఉన్నప్పుడు మాత్రం తవ్వించొద్దు. జేసీబీ బకెట్ తడి బంకమన్నును రాసుకుంటూ పోతే గోడలు అద్దంలా నునుపెక్కి, ఉన్న సందులు కూడా మూసుకుంటాయి. పిడికెడు మట్టిని అరచేతుల మధ్య నలిపినప్పుడు సన్నని తాడులా వస్తోందంటే ఆ రోజు పని ఆపాల్సిందే.

అంత స్థలం లేకపోతే మురుగును ముందుగానే శుభ్రం చేసి నేలకు ఇవ్వాలి. బ్లోయర్‌తో గాలి పట్టించే ప్లాంటు గానీ, నీటిని మళ్లీ మళ్లీ తిప్పే ఇసుక ఫిల్టర్ గానీ పెట్టాలి. మామూలు సెప్టిక్ ట్యాంకు నీరు పడ్డచోట మట్టి మీద నల్లటి జిగురు పొర కడుతుంది. నేలను మూసేసేది చాలావరకు ఆ పొరే. శుభ్రమైన నీరు వెళ్తే అది అంతగా పేరుకోదు, అదే నేల ఇంకాస్త ఎక్కువ తాగుతుంది. ఆ నీటిని 15 నుంచి 30 సెంటీమీటర్ల లోతులో డ్రిప్ పైపులతో కొద్దికొద్దిగా వదలడం బంకమన్నుకు బాగా నప్పే పద్ధతి. దీనికి కరెంటు, ఫిల్టర్లు కడిగే మనిషి, ఏటా మెయింటెనెన్సు తప్పవు. అవి చూసుకునేవాళ్లు లేకపోతే దీని జోలికి వెళ్లకండి.

లక్షణం: వానాకాలంలోనే పొంగుతోంది, ఎండాకాలంలో ఏ ఇబ్బందీ లేదు

నేల రకం కన్నా భూగర్భజల మట్టం మీద అనుమానం పెట్టుకోండి. వానాకాలంలో ఊట పైకొచ్చి గుంతను కింది నుంచే నింపేస్తుంది. ఎండాకాలంలో కూడా దీని ఆనవాలు దొరుకుతుంది. గొయ్యి తీసి మట్టి రంగు చూడండి. బూడిద రంగు మట్టిలో తుప్పు రంగు మచ్చలు కనిపించే లోతుదాకా ఏటా కొంతకాలం నీరు నిలుస్తోందన్నమాట. కందకం అడుక్కూ ఆ మట్టానికీ మధ్య 60 నుంచి 120 సెంటీమీటర్ల పొడి మట్టి ఉండాలని నిబంధనలు సాధారణంగా అడుగుతాయి. అది లేకపోతే మురుగు శుభ్రపడకుండానే ఊటలో కలుస్తుంది. పొంగకపోయినా అది ప్రమాదమే.

ముందు తేలిక పని చేయండి. డాబా మీది వాన నీరు, పార్కింగు నీరు ఇంకుడు స్థలం వైపు రాకుండా మళ్లించండి. ట్యాంకు మూతలు, పైపు అతుకుల్లోంచి వాన నీరు దిగుతోందేమో చూడండి. ఊట పైకున్న రోజుల్లో ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయించొద్దు. ఖాళీ ట్యాంకును ఊట పైకి ఎత్తేస్తుంది, పైపులు విరుగుతాయి. ప్లాస్టిక్, ఫైబర్ ట్యాంకులకు ఈ భయం ఎక్కువ.

అసలు పరిష్కారం కిందికి వెళ్లలేనప్పుడు పైకి వెళ్లడం, అంటే ఇసుక దిబ్బ పద్ధతి. దీని తొలిరూపం 1940ల చివర్లో అమెరికాలోని నార్త్ డకోటాలో వచ్చింది. 1970ల్లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం దాన్ని మెరుగుపరిచింది. నేల మీద 30 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తున కడిగిన ఇసుక పోసి, దాని పైన కంకర, చిన్న రంధ్రాల పైపులు పరిచి, మట్టి కప్పి గడ్డి పెంచుతారు. మోటారు రోజులో చాలాసార్లు కొద్దికొద్దిగా నీటిని పైపులన్నిటికీ సమానంగా తోస్తుంది. నేల దగ్గరికి చేరేసరికి నీరు చాలావరకు శుభ్రపడి ఉంటుంది. కింది బండ తక్కువ లోతులోనే తగిలే చోట కూడా ఇదే ఉపాయం. దిబ్బ వేసే ముందు పైమట్టిని గీకి పారేయొద్దు. గడ్డి కోసి, వేర్లు ఉండనిచ్చి, నేలను దున్ని గరుకు చేసి ఇసుక పోయాలి. ఇసుక కూడా ఏది పడితే అది వద్దు. దుమ్ము, సన్న ఒండ్రు కలిసిన ఇసుక కొన్నాళ్లకే గట్టిపడిపోతుంది.

లక్షణం: రద్దీ రోజుల్లోనే ఇబ్బంది

వారంలో ఐదు రోజులు ఖాళీగా ఉండి, రెండు రోజులు నిండే వ్యాపారాలకు ఇది మామూలే. వారం మొత్తం సగటు చూస్తే నేల సరిపోతుంది. ఆ రెండు రోజుల ఒత్తిడే తట్టుకోలేదు. సెప్టిక్ ట్యాంకు తర్వాత ఒక నిల్వ ట్యాంకు, టైమర్ ఉన్న మోటారు పెట్టి, రద్దీ నీటిని వారమంతా సమానంగా పంచండి. నేలను మార్చకుండానే సమస్య తీరే అరుదైన సందర్భం ఇది. నీటిమట్టాన్ని బట్టి మోటారును నడిపే ఫ్లోట్ స్విచ్ ఒక్కదాన్ని నమ్మితే నీరు వచ్చినప్పుడల్లా తోసేస్తుంది, కాబట్టి టైమర్ ఉండాలి.

రద్దీకి సంబంధం లేకుండా మీటరు తిరుగుతోందా? రాత్రి మూసేటప్పుడు, పొద్దున తెరిచేటప్పుడు రీడింగ్ చూడండి. ఒక్క ఫ్లష్ ట్యాంకు వాల్వు కారినా రోజుకు వందల లీటర్లు పోతాయి.

లక్షణం: కొత్త గుంత, మంచి నేల, అయినా మూసుకుపోయింది

వంటశాల ఉంటే జిడ్డే కారణం. ఇళ్ల సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీటిలో సేంద్రియ పదార్థాన్ని కొలిచే బీఓడీ లీటరుకు 150 నుంచి 200 మిల్లీగ్రాములు ఉంటుంది. వంటశాల మురుగులో అది దానికి చాలా రెట్లు ఉండొచ్చు. వేడినీళ్లు, డిష్‌వాష్ ద్రవాలు జిడ్డును కరిగించి ట్యాంకు దాటించేస్తాయి. అది చల్లబడేది నేలలోనే. వంటశాల లైనుకు విడిగా గ్రీజు ట్రాప్ (జిడ్డును ఆపే తొట్టి) పెట్టించి, టాయిలెట్ లైను అందులోకి రాకుండా చూడండి. ట్రాప్‌లో నాలుగో వంతు జిడ్డు, మడ్డి చేరేసరికి తీయించాలి. పాత్రలను కడిగే ముందు తుడిచి చెత్తలో వేసే అలవాటు చేయిస్తే భారం బాగా తగ్గుతుంది.

లాండ్రీ అయితే నూలుపోగులు, సెలూన్ అయితే వెంట్రుకలు, రంగులు. రెండింటికీ జల్లెడ తప్పనిసరి. నీటి మెత్తదనం కోసం ఉప్పుతో నడిచే సాఫ్ట్‌నర్ వాడుతుంటే దాని కడుగునీటిని నేలలోకి వదలకండి. అందులోని సోడియం బంకమన్ను రేణువులను విడదీసి, నేలను చవుడులా బిగుసుకుపోయేలా చేస్తుంది.

లక్షణం: ప్లాంటు పెట్టాం, అయినా కంపు

బ్లోయర్ ఆగిందేమో మొదట చూడండి. నడుస్తూనే ఉంటే ఫినాయిల్, బ్లీచింగ్, శానిటైజర్ల వాడకం చూడండి, అవి మురుగును తినే సూక్ష్మజీవులనే చంపేస్తాయి. ఆఫీసులు, పెట్రోలు బంకుల్లో ఇంకో చిక్కుంది. అక్కడ స్నానాల నీరు, బట్టల నీరు కలవవు, టాయిలెట్ నీరే ఉంటుంది, అందువల్ల అమ్మోనియా చాలా గాఢంగా వస్తుంది. సూక్ష్మజీవులు దాన్ని నైట్రేట్‌గా మార్చేటప్పుడు ప్రతి గ్రాము అమ్మోనియా నత్రజనికి 7 గ్రాముల పైన క్షారత (నీరు ఆమ్లంగా మారకుండా అడ్డుకునే గుణం) ఖర్చవుతుంది. అది అయిపోతే పీహెచ్ పడిపోయి పని ఆగిపోతుంది. ప్లాంటు చూసే మనిషితో పీహెచ్ కొలిపించి, తగ్గితే సోడియం బైకార్బొనేట్ వేయించండి. ఇంటి లెక్కతో అమ్మిన ప్లాంట్లు ఇలాంటి చోట్ల తరచూ చతికిలపడతాయి. కొనేముందే మీ మురుగు ఏ రకమో రాతపూర్వకంగా చెప్పి తీసుకోండి.

లక్షణం: ఏ ఇబ్బందీ లేదు, నీరు పోస్తే ఇట్టే మాయమవుతోంది

నాకు అన్నిటికన్నా భయం ఇక్కడే. ముతక ఇసుక, కంకర నేల, పగుళ్లున్న బండ... వీటిలో నీరు నిమిషాల్లో దిగిపోతుంది, శుభ్రపడే సమయమే దొరకదు. బావి నీటిలో కోలిఫాం బ్యాక్టీరియా, నైట్రేట్ తేలేదాకా ఎవరికీ తెలియదు. ఆ బావి మీది కాకపోవచ్చు, పక్కవాళ్ల పిల్లలు తాగేది కావచ్చు. 25 మిల్లీమీటర్లు నిమిషం లోపే దిగితే గుంత అడుగున, చుట్టూ మధ్యరకం ఇసుక పొర వేయించాలి, లేదా ముందే శుద్ధి చేసి వదలాలి. ఇసుక క్రిములను ఆపుతుంది గానీ నైట్రేట్‌ను ఆపదు. చుట్టుపక్కల బావులుంటే నత్రజని తీసే ప్లాంటే కావాలి.

ఏదీ కుదరని స్థలం

మొదట మున్సిపల్ డ్రైనేజీ లైను ఎంత దూరమో కనుక్కోండి. చిన్న మోటారుతో సన్నని పైపులో మురుగును ఎత్తుకూ దూరానికీ పంపొచ్చు. పక్క వ్యాపారాలదీ ఇదే బాధ అయితే, దగ్గర్లో ఉన్న మంచి నేలలో అందరికీ కలిపి ఒకే ప్లాంటు పెట్టుకోవచ్చు. స్థలం బాగా ఉండి, నేల గట్టి బంకమన్నైతే మురుగు చెరువు కుదురుతుంది, నీళ్లు తాగకపోవడమే అక్కడ పనికొచ్చే గుణం. నీటిని ఆవిరిచేసే మడులు వానకన్నా ఆవిరి బాగా ఎక్కువుండే ప్రాంతాల్లోనే పనిచేస్తాయి. నీటి వాడకమే తగ్గిద్దామంటే నీళ్లు లేని యూరినల్స్, తక్కువ నీటి ఫ్లష్‌లు, కంపోస్టు టాయిలెట్లు ఉన్నాయి.

చివరిది, బయటికి దారే లేని నిల్వ ట్యాంకు. నిండినప్పుడల్లా బండితో తీయించాలి. రోజుకు 1000 లీటర్లు వచ్చే చోట 10,000 లీటర్ల ట్యాంకు పెట్టి, ముప్పావు వంతుకు అలారం పెడితే దాదాపు వారానికోసారి బండి రావాలి. ఆ ఖర్చును ఏడాదికి లెక్కేసి ఇసుక దిబ్బ ఖర్చు పక్కన పెట్టి చూడండి. బండివాళ్లు ఆ మురుగును ఏ శుద్ధి కేంద్రంలో వదులుతున్నారో రసీదు అడగండి. ఇవ్వలేమంటే వేరే బండిని చూసుకోండి.