కృష్ణ ఒడ్డున జాజ్-ఫంక్ కచేరీని రికార్డు చేయడం ఎలా

విజయవాడ పున్నమి ఘాట్‌లోనో భవానీ ద్వీపంలోనో బ్యాండు వాయిస్తుంటే, మిక్సర్ నుంచి స్పీకర్లకు వెళ్లే రెండు చానళ్లు పట్టుకొస్తే చాలనుకుంటారు చాలామంది. ఇంటికొచ్చి వింటే శాక్సఫోన్ చెవిలో ఊదినట్టుంటుంది, డ్రమ్స్ పక్కవీధిలో మోగుతున్నట్టుంటాయి. స్టేజి మీద ఎలాగూ గట్టిగా వినపడేవాటిని సౌండ్ ఆపరేటర్ స్పీకర్లలోకి తక్కువగా పంపుతాడు మరి. ఆ మిక్సు అక్కడ కూర్చున్నవాళ్లకు సరిగ్గానే ఉంటుంది, రికార్డుకు పనికిరాదు. ఏ మైకుకామైకు విడి ట్రాకుగా తీసుకోవాలి.

అద్దెకు తెచ్చిన మిక్సర్ బెరింజర్ ఎక్స్32 అయితే దాని యూఎస్‌బీ కార్డు నుంచి 32 ట్రాకులు ఒక్క కేబుల్‌తో ల్యాప్‌టాప్‌లోకి వస్తాయి. ఏ సిగ్నల్ ఎటు పోవాలో చెప్పే రూటింగ్ మెనూలో కార్డు అవుట్‌పుట్‌కు నేరుగా ఇన్‌పుట్లనే ఇవ్వండి. అప్పుడు గెయిన్ (మైకు సిగ్నల్‌ను మొదట పెంచే నాబ్) తర్వాతి సిగ్నలే వెళ్తుంది, ఆపరేటర్ పెట్టిన గేటూ (చిన్న శబ్దాలను కోసేసేది), ఈక్యూ (బేస్, ట్రెబుల్ పాళ్లు మార్చేది) దానికి అంటవు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఒక్కో ట్రాకు గంటకు సుమారు 520 ఎంబీ. 20 ట్రాకులు రెండు గంటలంటే 21 జీబీ దాకా అవుతుంది, డ్రైవులో 60 ఖాళీ ఉంచండి.

గెయిన్ మాత్రం మీకూ ఆపరేటర్‌కూ ఉమ్మడి. మధ్యలో మీరు తిప్పితే స్పీకర్లలో సౌండ్ మారిపోతుంది, వాయించేవాళ్ల ముందుండే మానిటర్ స్పీకర్లు కూతపెడతాయి. సౌండ్ చెక్‌లోనే ఆపరేటర్‌తో కూర్చుని తేల్చుకోండి. పెద్ద దెబ్బ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. జనం వచ్చాక ఎవరూ సౌండ్ చెక్‌లో వాయించినంత నెమ్మదిగా వాయించరు. తీగను బొటనవేలితో కొట్టి వాయించే స్లాప్ బేస్ అయితే ఒక్కసారిగా ఎగురుతుంది.

ఈ సంగీతానికి ప్రాణం స్నేర్‌లో, అంటే డ్రమ్మర్ ముందుండే చురుకైన శబ్దపు చిన్న డ్రమ్ములో ఉంది. మృదంగంలో పెద్ద దెబ్బల నడుమ వినపడీ వినపడనట్టు వేళ్లు నడుస్తాయి చూడండి, ఫంక్ డ్రమ్మర్ పుల్ల కూడా గట్టి దెబ్బల మధ్య అలాగే తోలును తాకీ తాకనట్టు పోతుంటుంది. గేటు పెడితే ముందు పోయేవి అవే. ఎస్ఎం57 మైకును డ్రమ్ము అంచు (రిమ్)కు రెండు వేళ్ల ఎత్తున, తోలు మధ్యకు గురిపెట్టి, వెనుక భాగం పక్కనుండే హైహ్యాట్ తాళాల వైపు ఉండేలా బిగించండి.

బేస్ గిటార్‌కు డీఐ బాక్సు (గిటార్ సిగ్నల్‌ను నేరుగా మిక్సర్‌కు పంపేది), దాని ఆంప్‌కు విడిగా మైకు. బుయ్ మని 50 హెర్ట్జ్ హమ్ వస్తే డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే స్విచ్ నొక్కండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకే అలవాటు మనవైపు ఉంది. అది ప్రాణం మీదికి తెస్తుంది. లైట్లకూ సౌండ్‌కూ జనరేటర్ నుంచి వేర్వేరు ఫేజులు అడగండి.

జనం చప్పట్ల కోసం స్టేజి రెండు చివర్లా రెండు కండెన్సర్ మైకులు ప్రేక్షకుల వైపు తిప్పి పెట్టి, మిక్సర్‌లో వాటికి కరెంటు ఇచ్చే 48 వోల్ట్స్ బటన్ వేయండి. నది గాలికి స్పాంజి తొడుగు ఆగదు, బొచ్చు తొడుగే కావాలి. గాలి మైకులోని పల్చటి పొర డయాఫ్రమ్‌నే ఊపేస్తుంది కాబట్టి తర్వాత లోకట్ (కింది స్థాయి గురగురను తీసేసే ఫిల్టర్) వేసినా పగిలిన శబ్దం అతకదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మంచుకు ఈ మైకులే చిటపటమంటాయి. ఏసీ కారులోంచి తీసి వెంటనే బిగించకండి, అరగంట ముందే బయట పెట్టండి. వేసవిలో బాధ వేరు: సాయంత్రం నాలుగింటి ఎండలో ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోతుంది. షామియానా నీడ మిక్సర్, ల్యాప్‌టాప్‌ల మీద పడేలా చూసుకోండి.

మిక్స్ చేసేటప్పుడు జనం మైకులను స్నేర్‌తో కలపాలి. శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది కాబట్టి 5 మీటర్ల దూరానికి 14 మిల్లీసెకన్ల ఆలస్యం వస్తుంది. ఆ మేరకు ముందుగా వినిపించేలా వాటి ట్రాకులను జరపకపోతే ప్రతి దెబ్బకూ తోక మొలుస్తుంది.

ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు సాధారణంగా రాత్రి 10 దాకానే అనుమతి. చివరి పాట హడావుడిలో ముగియగానే స్టాప్ నొక్కకండి, చప్పట్లు పూర్తిగా సద్దుమణగనివ్వండి. జనరేటర్ ఆపేలోపు ఫైళ్లు రెండో డ్రైవులోకి కాపీ చేసి, కాపీని తెరిచి చివరి నిమిషం విన్నాకే కేబుళ్లు చుట్టండి.