పల్లీలు ఏరి వాడండి: కాలేయానికి చేటు తెచ్చే బూజు సంగతి

క్యాన్సర్ రాకుండా ఏం తినాలనగానే పసుపు, వెల్లుల్లి, గ్రీన్ టీ అంటూ మొదలుపెడతారు. వాటి మేలు మనుషుల్లో ఇంకా గట్టిగా తేలలేదు. పల్లీలు, మొక్కజొన్న, ఎండుమిర్చికి పట్టే ఒక బూజు చేసే కీడు మాత్రం ఎప్పుడో తేలింది. బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్, అది వదిలే విషం అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చిపోతే, కారణం వెతుక్కుంటూ పోయినవాళ్లకు మేతలోని వేరుశనగ చెక్కలో ఇది దొరికింది. మనుషుల్లో కాలేయ క్యాన్సర్ తెస్తుందని రుజువైంది. చైనాలోని చిదోంగ్‌లో జనం 1980లలో మొక్కజొన్న మాని బియ్యానికి మళ్లాక, ఆ క్యాన్సర్ మరణాలు బాగా తగ్గాయి.

వేయిస్తే బూజు చస్తుంది గానీ విషం పూర్తిగా పోదు. కడిగినా పోదు. అయితే అది సంచంతా సమానంగా ఉండదు, కొద్ది గింజల్లోనే పేరుకుని ఉంటుంది. ఏరడం అందుకే పనిచేస్తుంది.

కిలో పల్లీలు తెస్తే ముందు వాసన చూడండి. ముక్కిన వాసన వస్తే ఏరే పని పెట్టుకోకుండా తిరిగిచ్చేయండి. బాగుంటే చేటలో పల్చగా పరిచి, ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, పొర చిట్లినవి, పురుగు తొలిచినవి, మొలకెత్తినవి తీసేయండి. తర్వాత సన్నని సెగ మీద పొట్టు ఊడేదాకా వేయించి, చల్లారాక గుడ్డలో నలిపి చెరగండి. ఇప్పుడు రెండోసారి ఏరాలి. చాలామంది వదిలేసేది ఇదే. పొట్టు కింద దాగిన మచ్చలు ఇప్పుడే బయటపడతాయి. బద్ద లోపల బూడిదరంగో పచ్చటి నూగో కనిపించినా, నోట్లో వేసుకున్నది చేదుగా ఉన్నా ఆ గింజ పారేయాల్సిందే. చేదు తగిలితే మింగకుండా ఉమ్మేయండి. శుభ్రంగా కనిపించే గింజలోనూ కాస్త విషం ఉండొచ్చు, అది ల్యాబులోనే తెలుస్తుంది. ఏరితే ముప్పు తగ్గుతుంది, సున్నా కాదు.

నెలకు సరిపడానే కొనండి. బాగా ఆరినవాటిని మూత బిగుతుగా ఉండే డబ్బాలో పోయండి. వానాకాలంలో ఫ్రిజ్ మేలు. చవగ్గా దొరికే పల్లీ పొడి, పల్లీపట్టి నమ్మకండి, ఏ గింజ వేశారో చూసే వీల్లేదు.

గానుగ నూనె విషయంలో ఒక మాట. రిఫైనరీలో క్షారంతో శుద్ధి చేసేటప్పుడు ఈ విషం పోతుంది, గానుగలో ఆ దశ ఉండదు. సహజమైనది కాబట్టి మంచిదే అనుకుంటే పొరపాటు. గింజ మీరే ఏరి ఆడించుకోండి, మడ్డి పూర్తిగా పేరుకున్నాక తేరిన నూనె వడకట్టి వాడండి.

పండించేవాళ్ల దగ్గర అసలు చిక్కు తేమే. పీకిన చెట్లను కాయలు పైకి ఉండేలా తిరగేసి ఆరబెట్టాలి. పచ్చికాయను కుప్ప వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. ఊపితే కాయ గలగలలాడాలి, తేమ 9 శాతం మించకూడదు. ఒలిచే మిషన్లో వేసేముందు గింజ విరగకుండా కాయల మీద నీళ్లు చల్లుతారు చూడండి, అప్పటిదాకా పడ్డ కష్టమంతా అక్కడే పోతుంది. మిర్చికీ అంతే: బరువు కోసం నీళ్లు కొట్టొద్దు, మట్టినేల మీద కాక టార్పాలిన్ మీద ఆరబోయాలి. ఇంట్లో కారం పట్టించుకునేవాళ్లు తాలుకాయ వేరుచేసి, నాలుగు కాయలు చీల్చి లోపల బూజుందేమో చూసుకోవాలి.

కాలేయానికి సోకే వైరస్ జబ్బు హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు అఫ్లాటాక్సిన్ ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. పిల్లలకు ఆ టీకా తప్పకుండా వేయించండి.

ఏరిపారేసిన గింజలు గేదెలకో కోళ్లకో పెట్టకండి. పశువు తిన్న విషం రూపం మారి పాలలోకి దిగుతుంది, కాచినా పోదు. గుంట తీసి పూడ్చేయండి.