పాత స్పీకర్లలో క్రాసోవర్ భాగాలను మార్చడం ఎలా?

యాంప్లిఫయర్ నుంచి వచ్చే సంకేతాన్ని విడదీసి, కింది స్థాయి స్వరాలను వూఫర్‌కూ, పై స్థాయి స్వరాలను ట్వీటర్‌కూ పంపే చిన్న సర్క్యూట్‌నే క్రాసోవర్ అంటారు. కోన్, అయస్కాంతం, చెక్కపెట్టె 40, 50 ఏళ్ల తరవాత కూడా బాగానే ఉన్న స్పీకర్లలో సైతం, ఈ సర్క్యూట్‌లోని ఎలక్ట్రోలిటిక్ (లోపల ద్రవం ఉండే) కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు. వాటిని మార్చడం సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చిన ఎవరికైనా అందుబాటులో ఉన్న పని. అయితే ఈ పనిలో డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఖరీదైన కెపాసిటర్ పెడితే పాట దానంతటదే బాగుపడుతుందన్న నమ్మకం వల్ల. కెపాసిటర్ కంపెనీ కంటే మైక్రోఫారడ్‌లలో చెప్పే దాని విలువ ముఖ్యం. స్పీకర్‌ను రూపొందించినవారు ఏ విలువలు నిర్ణయించారో వాటికి తిరిగి తీసుకురావడమే మొదటి లక్ష్యం కావాలి.

ఉదాహరణకు జేబీఎల్ కంపెనీ 1970లో విడుదల చేసిన ఎల్-100 సెంచురీ స్పీకర్‌ను తీసుకుందాం. ఇది 12 అంగుళాల వూఫర్, ఒక మిడ్‌రేంజ్, ఒక ట్వీటర్ ఉన్న త్రీ-వే స్పీకర్. ఇందులో వూఫర్‌కు అసలు ఫిల్టరే లేదు, యాంప్లిఫయర్ తీగలు నేరుగా దానికే వెళతాయి. మిడ్‌రేంజ్ ముందు 8 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఒకటి, ట్వీటర్ ముందు 3 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఒకటి, వాటి స్థాయిని తగ్గించి పెంచడానికి ఎల్-ప్యాడ్‌లు అనే రెండు నాబ్‌లు, ఇంతే దాని క్రాసోవర్. ఇంతకంటే సరళమైన సర్క్యూట్ ఉన్న పేరున్న స్పీకర్లు తక్కువ కాబట్టి, కెపాసిటర్ చేసే పనిని అర్థం చేసుకోవడానికి ఇది చాలా అనువైనది.

కెపాసిటర్ విలువ తప్పితే ఏమవుతుందో లెక్క కట్టి చూడవచ్చు. 8 ఓమ్‌ల ట్వీటర్ ముందు 3 మైక్రోఫారడ్‌లు ఉంటే, సుమారు 6,600 హెర్ట్జ్ దగ్గర నుంచి కింది స్వరాలు తగ్గడం మొదలవుతుంది. అదే కెపాసిటర్ వయసు మీద పడి 20 శాతం పెరిగి 3.6 అయితే ఆ హద్దు 5,500కు దిగుతుంది, అంటే ట్వీటర్ తాను మోయనవసరం లేని బరువును మోస్తుంది. 2.4కు తగ్గితే హద్దు 8,300కు ఎక్కి, మిడ్‌రేంజ్‌కూ ట్వీటర్‌కూ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. నిజమైన ట్వీటర్ అన్ని పౌనఃపున్యాల దగ్గరా సరిగ్గా 8 ఓమ్‌లు చూపదు కనుక ఇవి ఉజ్జాయింపు అంకెలే, కానీ మార్పు ఎటు జరుగుతుందో చెప్పడానికి చాలు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఎండినప్పుడు దాని అంతర్గత నిరోధం కూడా పెరుగుతుంది. అప్పుడు తాళాల మోత, వయొలిన్ మీద కమాను సన్నని రాపిడి, గాయని ఊపిరి వంటివి వెనక్కి పోయినట్టు వినిపిస్తాయి.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు, లోపం నిజంగా క్రాసోవర్‌లోనే ఉందో లేదో తేల్చుకోవాలి. కుడి, ఎడమ స్పీకర్ల తీగలను యాంప్లిఫయర్ వెనక ఒకదాని స్థానంలో ఒకటి మార్చి చూడండి. మందంగా వినిపించే లోపం ఆ పెట్టెతోనే ఉండిపోతే అది స్పీకర్‌ది, రెండో పెట్టెకు మారితే అది యాంప్లిఫయర్‌ది. తరవాత వూఫర్ అంచున ఉండే మెత్తని వలయాన్ని చూడండి. ఫోమ్‌తో చేసినదైతే ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది, అటువంటప్పుడు ముందు దాన్ని మార్పించాలి. ఎల్-100 వూఫర్ అంచు పూత పూసిన గుడ్డతో చేసినది కనుక ఈ బాధ దానికి లేదు. స్థాయిని సర్దే నాబ్‌లు ఉంటే, వాటిని తిప్పినప్పుడు చిటపటలు వినిపించినా, ఒకచోట శబ్దం ఆగి మరోచోట వచ్చినా, కెపాసిటర్ కంటే ముందు అనుమానించవలసింది ఆ నాబ్‌నే. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో ఉన్న స్పీకర్లకు ఇది మరీ వర్తిస్తుంది. ఉప్పగాలి కెపాసిటర్‌ను ఏమీ చేయకపోయినా, నాబ్ లోపలి లోహపు తీగ మీద చిలుము పట్టిస్తుంది. యాంప్లిఫయర్ ఆపి, కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా చల్లి నాబ్‌ను ఇరవై ముప్పైసార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు సరిపోతుంది. అప్పటికీ బాగుపడకపోతే అదే ఓమ్‌లు, అంతకు తగ్గని వాట్లు ఉన్న కొత్త ఎల్-ప్యాడ్ వేయాలి.

ఇక పెట్టె తెరవడం. స్పీకర్‌ను మెత్తని దుప్పటి మీద వెల్లకిలా పడుకోబెట్టి, వూఫర్ స్క్రూలను ఎదురెదురుగా ఉన్నవాటి క్రమంలో వదులు చేయాలి. పెద్ద వూఫర్ అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ను చేతిలోంచి లాక్కుంటుంది, అది కోన్ మీద పడితే చిరుగు ఖాయం, అందుకని రెండో చేత్తో స్క్రూడ్రైవర్ మొనను కాపుగా పట్టుకోండి. వూఫర్‌ను పైకెత్తాక, ఏ తీగ ఎక్కడికి వెళుతోందో కనిపించేలా ఫోన్‌తో నాలుగైదు కోణాల్లో ఫొటోలు తీసుకోవాలి. ఆ తరవాతే తీగలు విప్పాలి. ఫొటో ఉందికదా అని సరిపెట్టుకోకుండా ఒక కాగితం మీద సర్క్యూట్‌ను గీయండి. ఏ కెపాసిటర్ ట్వీటర్‌కు వరుసలో (సిరీస్‌లో) ఉంది, ఏది వూఫర్‌కు అడ్డంగా (సమాంతరంగా) ఉంది అనేది గీసినప్పుడే స్పష్టమవుతుంది, కొనవలసిన సరుకు కూడా దాన్ని బట్టే నిర్ణయమవుతుంది.

తరవాత కొలవడం. కెపాసిటర్ ఒక కాలును సోల్డర్ నుంచి విడిపించి కొలవాలి, రెండు కాళ్లూ సర్క్యూట్‌లో ఉంటే మీటర్ చుట్టుపక్కల ఉన్న కాయిల్‌నూ (రాగి తీగ చుట్టనూ) ట్వీటర్‌నూ కలిపి చూపిస్తుంది. కెపాసిటెన్స్ కొలిచే మామూలు మల్టీమీటర్ చాలు, అంతర్గత నిరోధాన్ని కూడా చూపించే ఎల్‌సీఆర్ మీటర్ ఉంటే మరీ మంచిది. ముద్రించిన విలువకు 10 శాతం లోపు ఉండి, నిరోధం తక్కువగా ఉన్న కెపాసిటర్‌ను తీసేయవలసిన పని లేదు. పాలియెస్టర్ ఫిల్మ్ కెపాసిటర్లు చాలా స్పీకర్లలో దశాబ్దాల తరవాత కూడా సరిగ్గానే కొలతకు వస్తాయి. కొలతల అంకెలను ఆ కాగితం మీదే రాసుకోండి. సిమెంటు రంగు రెసిస్టర్లను కూడా ఒకసారి కొలవండి, పార్టీల్లో బాగా మోగించిన స్పీకర్లలో అవి కాలి విలువ మారి ఉండటం మామూలే.

కొనేటప్పుడు మొదట చూడవలసినది విలువ, తరవాత వోల్టేజ్. 100 వాట్ల యాంప్లిఫయర్ 8 ఓమ్‌ల స్పీకర్‌కు ఇచ్చేది 28 వోల్టులు, శిఖరాల దగ్గర 40, కాబట్టి 100 వోల్టుల కెపాసిటర్ ఇంటి వాడకానికి పూర్తిగా సరిపోతుంది. ట్వీటర్‌కూ మిడ్‌రేంజ్‌కూ వరుసలో ఉండే చిన్న విలువలకు పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్ వేయడమే మేలు, ఎందుకంటే అందులో ఎండిపోయే ద్రవం లేదు. 8 మైక్రోఫారడ్‌లు దొరక్కపోతే 4.7, 3.3 కెపాసిటర్లను సమాంతరంగా కలిపి వాడవచ్చు, సమాంతరంగా కలిపినప్పుడు విలువలు కూడుకుంటాయి. ఒకే రకం కెపాసిటర్లను కొన్ని ఎక్కువగా కొని, కొలిచి, రెండు స్పీకర్లకూ దగ్గరి విలువలు ఉన్నవాటిని జతగా ఎంచుకోండి. కుడి ఎడమలు సమానంగా ఉంటేనే గాయకుడి గొంతు రెండు పెట్టెల నడుమ నిలుస్తుంది, వేలు పోసి కొన్న ఒక్క కెపాసిటర్ కంటే ఈ జత కుదరడం ఎక్కువ ఫలితం ఇస్తుందని నా గట్టి అభిప్రాయం.

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో అడిగినప్పుడు కెపాసిటర్‌ను ‘కండెన్సర్’ అంటేనే త్వరగా అర్థమవుతుంది, దానితో పాటు ‘నాన్-పోలార్’ అనో ‘ఫిల్మ్’ అనో తప్పక చెప్పాలి. ప్లస్, మైనస్ గుర్తులున్న మామూలు ఎలక్ట్రోలిటిక్‌ను క్రాసోవర్‌లో వాడకూడదు. ఇక్కడొక ఉపయోగకరమైన విషయం ఉంది. ప్రతి ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే సీలింగ్ ఫ్యాన్ కెపాసిటర్ సాధారణంగా పాలీప్రొపిలీన్ ఫిల్మ్‌తో చేసినదే, 440 వోల్టులది, 2.5, 3.15, 4 మైక్రోఫారడ్‌ల విలువల్లో వస్తుంది. పరిమాణం కాస్త పెద్దదైనా, విలువ కుదిరితే ట్వీటర్ ముందు నిశ్చింతగా వేయవచ్చు. మోటార్‌ను స్టార్ట్ చేయడానికి వాడే నల్లటి కెపాసిటర్లు మాత్రం ఎలక్ట్రోలిటిక్‌లు, అవి ఈ పనికి రావు.

వూఫర్‌కు అడ్డంగా ఉండే 30, 50 మైక్రోఫారడ్‌ల పెద్ద కెపాసిటర్ల సంగతి వేరు. అక్కడ కొత్త నాన్-పోలార్ ఎలక్ట్రోలిటిక్ వేయడమే నాకు సబబనిపిస్తుంది, అంత విలువ గల ఫిల్మ్ కెపాసిటర్ అరచేతిలో పట్టనంత ఉంటుంది, ధర కూడా భారమే. పైగా పాత కెపాసిటర్‌కు ఉన్న కొద్దిపాటి నిరోధాన్ని కూడా లెక్కలోకి తీసుకునే కొందరు రూపకర్తలు సర్క్యూట్‌ను సర్దారు. ట్వీటర్ దగ్గర కూడా ఇదే కారణంగా, ఎలక్ట్రోలిటిక్ తీసి ఫిల్మ్ వేశాక శబ్దం చెవులకు గుచ్చుకుంటే, కెపాసిటర్‌కు వరుసలో 0.33 లేదా 0.47 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్ ఒకటి చేర్చి చూడండి. కాయిల్స్ జోలికి పోకపోవడమే మంచిది. రాగి తీగ ముసలిది కాదు, తక్కువ నిరోధం ఉన్న లావు కాయిల్ వేస్తే వూఫర్ స్థాయి మారి స్పీకర్ స్వభావమే మారుతుంది.

సోల్డరింగ్‌కు 40 నుంచి 60 వాట్ల ఐరన్, రోజిన్ ఉన్న లెడ్ (సోల్డర్ తీగ) చాలు. గాలి ఆడే చోట కూర్చోండి, పని అయ్యాక చేతులు కడుక్కోండి. ఒక భాగాన్ని తీసి, దాని స్థానంలో కొత్తది అతికాకే రెండోదాన్ని ముట్టుకోవాలి. కొత్త కెపాసిటర్ తీగలను పాయింట్‌కు ముందు చుట్టి, తరవాత లెడ్ పోయాలి, పెట్టె లోపల ఉండే కుదుపుకు లెడ్ ఒక్కటే నిలవదు. కెపాసిటర్ ఒంటిని ప్లాస్టిక్ టైతోనూ గ్లూతోనూ బోర్డుకు బిగించండి, రెసిస్టర్‌ను మాత్రం బోర్డుకు కొద్దిగా ఎత్తులో ఉంచితే వేడి పోతుంది. కాయిల్ చోటు మార్చవలసివస్తే రెండు కాయిల్స్‌ను ఒకదానికొకటి లంబంగా ఉంచాలి, వాటి నడుమ ఇనుప స్క్రూలు రాకూడదు.

వూఫర్ బిగించే ముందు టర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ పెట్టండి. 8 ఓమ్‌ల స్పీకర్ అయితే సుమారు 5.5 నుంచి 7 ఓమ్‌లు చూపాలి, సున్నాకు దగ్గరగా వస్తే ఎక్కడో షార్ట్ అయినట్టే. ఇక్కడ తీగల దిశ విషయంలో ఒక హెచ్చరిక అవసరం. 1.5 వోల్టుల బ్యాటరీని వూఫర్‌కు తాకిస్తే కోన్ బయటికి రావాలని చాలామంది చెబుతారు, కానీ ఆ కాలపు జేబీఎల్ వూఫర్లలో ఎర్ర టర్మినల్‌కు ప్లస్ ఇస్తే కోన్ లోపలికి వెళ్లేది, అది తప్పు కాదు, అలాగే తయారు చేశారు. కొన్ని స్పీకర్లలో ట్వీటర్‌ను కావాలనే తిరగేసి కలుపుతారు. మీరు గీసిన కాగితంలో ఎలా ఉంటే అలాగే కలపండి.

ముందు ఒక్క స్పీకర్‌నే పూర్తి చేయండి. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, మోనోలో ఒకే పాటను, తక్కువ శబ్దంతో ఒకదాని తరవాత ఒకటి వినండి. మృదంగంలో వలంతల (కుడి పక్క) మీటు, తంబురా శ్రుతి ఉన్న రికార్డింగ్ అయితే తేడా త్వరగా తెలుస్తుంది. కొలిచే మైక్ ఉంటే ఆర్ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఏ స్వరం ఎంత స్థాయిలో వస్తోందో చూపే రెండింటి గీతలనూ పోల్చండి, మొన్నటి జ్ఞాపకం కంటే ఆ గీత నమ్మదగ్గది. ఫలితం తృప్తిగా ఉంటే రెండో స్పీకర్‌కూ అవే విలువలు వేసి, ఎల్-ప్యాడ్‌లను రెండింటిలోనూ ఒకే గుర్తు దగ్గర పెట్టి, మళ్లీ విని సర్దండి. కొత్త కెపాసిటర్లతో ట్వీటర్ స్థాయి పెరిగే వీలుంది కనుక నాబ్ పాత గుర్తు కంటే కాస్త కిందికి రావచ్చు. తీసేసిన పాత భాగాలను కొలతల కాగితంతో కలిపి ఒక సంచిలో వేసి పెట్టెతో పాటే ఉంచండి, రేపు ఆ స్పీకర్‌ను కొనేవారు వాటి కోసం అడుగుతారు.